తుమ్మించని దుమ్ము

మనిషి ముఖం చూసి నమ్మేయడం నాకున్న గొప్ప గుణం. కొనబోయే వస్తువును తిప్పి చూడను. పనికొచ్చినవాణ్ణి ఇదివరకు ఎక్కడ చేశావని అడగను. మీసం నిండుగా, మాట గట్టిగా ఉంటే చాలు, లేచి వెళ్ళి నేనే పీట వేస్తాను. దీన్ని నేను పెద్దమనసు అంటాను. మా ఇంట్లోవాళ్ళు వేరే మాట అంటారు, అది పిల్లలు చదివేచోట రాయదగింది కాదు. ఈ కథ చెప్పడానికి నాకంటే తగినవాడు దొరకడు కాబట్టి, మీరు ఊ కొట్టండి.

అనగనగా, గాలికి తప్ప ఇంకెవరికీ తొందర లేని ఒక కొండమీది పట్నం. దాని పేరు గాలికొండ.

ఆ పట్నంలో విసనకర్ర ఎరిగినవాళ్ళు లేరు. ప్రతి ఇంటి మీదా ఒక బురుజు ఉండేది. బురుజులో దూరిన గాలి, గోడల లోపల కట్టిన సన్నని సొరంగాల వెంట తిరిగి, గదిగదికీ పైన అమర్చిన జల్లెడ కిటికీల్లోంచి చల్లగా దిగేది. ఆ సొరంగాలను గాలిదారులు అనేవాళ్ళు. అవి గోడల లోపల ఉండేవి కనుక వాటిని ఎవరూ చూసేవాళ్ళు కారు. ఎవరూ చూడని చోట దుమ్ము ఎంత సుఖంగా పెరుగుతుందో తెలియాలంటే మీ మంచం కిందికి వంగి చూడండి. నేను నా మంచం కింద చూసుకోను. పెద్దమనసు.

ఆ పట్నంలో పేరిశెట్టి అనే మిరపకాయల వర్తకుడు ఉండేవాడు. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో ఎండు మిరపకాయలు తొక్కి బస్తాల్లో కూరుతుంటే లేచిన ఘాటు, తరాల తరబడి గోడల్లోకి ఎక్కి, గాలిదారుల్లో పేరుకుపోయింది. ఆ ఇంట్లో తుమ్మకుండా ఒక మాట పూర్తి చేసినవాళ్ళు లేరు. చుట్టాలొస్తే, బాగున్నారా అనుకునేలోపే ఒకరి మీద ఒకరు తుమ్ముకునేవాళ్ళు. వ్యాపారం మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉండటానికి ఆ తుమ్ములే శుభసూచకమని శెట్టిగారి నమ్మకం.

అలా ఉండగా శెట్టిగారికి మనవరాలు పుట్టింది.

పాపను ఎత్తుకుంటే శెట్టిగారు కొట్టు మరిచిపోయేవాడు, తూకం మరిచిపోయేవాడు, బాకీదారులు ఎదురుపడితే నవ్వేవాడు. కానీ ఆ పసిదానికి పాలు తాగడం పెద్ద యుద్ధమైపోయింది. నోట పాలు పట్టడం ఆలస్యం, తుమ్ము. మళ్ళీ పట్టడం, మళ్ళీ తుమ్ము. రానురాను దాని గుండె గూడు పిల్లి గురక పెట్టినట్టు గరగరమనసాగింది. వైద్యుడు వచ్చి చెవి ఆనించి విన్నాడు. మధ్యలో తనూ తుమ్మాడు. పసిదాని ఊపిరి ఈ గాలికి ఎక్కువకాలం తట్టుకోలేదనీ, గాలిదారులన్నా బాగు చేయించాలి, లేదా పాపనన్నా ఈ ఇంట్లోంచి తీసుకుపోవాలనీ చెప్పి, ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

శెట్టిగారు హడలిపోయి వీధిలోకి పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే డప్పు వాయించుకుంటూ, గాలిదారులు దులిపే భూషయ్య అనేవాడు వస్తున్నాడు. వచ్చినవాడికి మీసం చెవులదాకా ఉంది. ఇల్లెంత పెద్దదైనా సరే, గాలిదారులన్నీ దులపడానికి ఒక్క తాంబూలం ఇస్తే చాలన్నాడు. శెట్టిగారు పీట వేశాడు. నేనైనా వేసేవాణ్ణే.

లోపలికి వచ్చాక తాంబూలం పెరగసాగింది. తాంబూలం తిన్నగా ఉన్న దారులకేనట. మలుపులకు వేరు, ఎత్తులకు వేరు, మలుపు తిరిగి ఎత్తెక్కితే మరీ వేరు. శెట్టిగారు పాపకేసి చూసి అన్నిటికీ తలూపాడు. గాలిదారి తెరిచినప్పుడు ఇంటివాళ్ళ చూపు పడకూడదు, పడితే వంశానికి మంచిది కాదన్నాడు భూషయ్య. శెట్టిగారి కోడలు వకుళ, గోడలో ఏముందో తనకు చూడాలని ఉందని అంది. పెద్దలు మాట్లాడుకునేటప్పుడు అడ్డు రావద్దని శెట్టిగారు ఆమెను లోపలికి పంపించాడు.

భూషయ్య తలుపు వేసుకున్నాడు. లోపలినుంచి దబదబలు, ధనధనలు, మధ్యమధ్య డప్పు. చివరకు చెమటలు కారుస్తూ బయటికొచ్చి, ఒక గంపెడు బూడిదరంగు దుమ్మును శెట్టిగారి కాళ్ళముందు కుమ్మరించాడు. శెట్టిగారు వంగి చూశాడు. గుప్పెడు తీసి ముక్కుదాకా తెచ్చుకుని వాసన చూశాడు. ఇన్నాళ్ళూ నా మనవరాలిని ఏడిపించింది ఇదా అని తలపోసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. భూషయ్య ఒక బండెడు మిరపకాయలు తోలుకుపోయాడు.

పాప తుమ్ములు మాత్రం ఎక్కడికీ పోలేదు.

తరువాత బిరుదయ్య అనే ఇంకో దులిపేవాడు వచ్చాడు. ఛాతీ మీద ఎన్ని పతకాలున్నాయంటే, మనిషికంటే ముందు మోత వచ్చేది. ఒక్కో పతకం ఒక్కో రాజు ఇచ్చాడట. ఆ రాజ్యాలు ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు. బిరుదయ్య చొక్కా చేతిలోంచి ఒక తెల్లగుడ్డ లాగి, కర్రకు చుట్టి, జల్లెడ కిటికీలో పెట్టి తీశాడు. గుడ్డ కాటుకలా ఉంది. బిరుదయ్య ఆ గుడ్డనీ, పాపనీ మార్చిమార్చి చూశాడు.

“నల్లబూజు, శెట్టిగారూ. ఇది ఇంకొన్నాళ్ళు గోడల్లో ఉంటే పసిబిడ్డ...” అని ఆపేశాడు.

ఆ పూర్తి చేయని మాటే శెట్టిగారి చేత ఇనప్పెట్టె తెరిపించింది. పూర్తి చేసి ఉంటే బహుశా బేరమాడేవాడు. ఆ మీదట బిరుదయ్య గదిగదికీ తిరిగి అత్తరు చల్లాడు, ఏవో పొగలు వేశాడు, మంత్రంలాంటిది చదివాడు. ఇల్లంతా పెళ్ళిపందిరి వాసన. పాప ఒక్క క్షణం ఆగింది. తరువాత పాత తుమ్ములకు తోడు, పైస్థాయిలో కొత్త తుమ్ములు మొదలుపెట్టింది.

మరుసటి పొద్దున వకుళ బట్టల మూట కట్టుకుని, పాపను భుజాన వేసుకుని వచ్చి మామగారి ముందు నిలబడింది.

“మామయ్యగారూ, మా పుట్టింట్లో బురుజు లేదు, చల్లగాలి లేదు. కానీ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది. మీ గోడలు బాగుపడ్డాక కబురు చేయండి.”

శెట్టిగారు వచ్చిన తుమ్ము మింగేశాడు. పాప తాతను గుర్తుపట్టి, గరగరమంటూనే చేయి చాపింది. ఆ వేళ్ళు పట్టుకుని, ఆ ముసలాయన తొలిసారి కోడలిని సలహా అడిగాడు.

“ఇంకొక్కరిని చూద్దాం తల్లీ. ఈసారి నువ్వు చూడు. నా కళ్ళకు మీసాలు, పతకాలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.”

వకుళ మూట దింపలేదు కానీ, పాపను చంకనేసుకుని ఊళ్ళోకి బయల్దేరింది. దుమ్ము దులిపేవాళ్ళ గుమ్మాలకు పోలేదు. వాళ్ళచేత దులిపించుకున్న ఇళ్ళకు పోయింది. ఎవరు బాగా చేశారని కూడా అడగలేదు. ఎవరి పనితో మీకు ఎక్కువ విసుగొచ్చిందని అడిగింది. ఆ ప్రశ్నకు ప్రతి ఇంటా ఒకటే పేరు వచ్చింది, సుంకులమ్మ. ఒకావిడ, ఆ మనిషి తమను రోజంతా వీధిలో కూర్చోబెట్టిందని తిట్టింది. ఇంకొకాయన, తనను నిచ్చెనెక్కించి మరీ గోడలోకి చూడమందనీ, తన మోకాళ్ళు ఇప్పటికీ నొప్పులనీ మొత్తుకున్నాడు. దుమ్ము మళ్ళీ వచ్చిందా అని వకుళ అడిగితే, అది రాలేదులే అని ఇద్దరూ అదేదో తప్పైనట్టు ఒప్పుకున్నారు.

సుంకులమ్మ తన మరుదులతో కలిసి వచ్చింది. నోరు పెద్దది, నడుము ఇంకా పెద్దది. ఎంత తీసుకుంటావని శెట్టిగారు గుమ్మంలోనే అడిగాడు.

“లోపలేముందో చూడకుండా ఎట్టా చెప్పను? నేనేమన్నా జ్యోతిష్కురాలినా?” అంది సుంకులమ్మ.

ఆవిడ తూర్పు గోడలో ఒక పలక ఊడదీసి, ఎండకు అద్దం పట్టి, ఆ వెలుతురు సొరంగంలోకి మళ్ళించింది. శెట్టిగారిని పిలిచి చూడమంది. ఇంటివాడి చూపు పడకూడదేమోనని శెట్టిగారు నసిగాడు.

“ఇల్లు నీది, దుమ్ము నీది, నీ చూపుకేమొచ్చింది? ఎక్కవయ్యా.”

ఎక్కి చూశాడు. లోపల గోడలకు ఎర్రని మఖమల్ పరిచినట్టుంది. మఖమల్ కాదు, ముత్తాత కాలంనుంచి పేరుకున్న మిరపదుమ్ము. మరి భూషయ్య తీసిందేమిటని ఆయనకు తోచలేదు. ఆయనకు అలాంటివి వెంటనే తోచవు, అందుకే నాకు ఆయనంటే ఇష్టం.

సుంకులమ్మ ఇల్లంతా తిరిగొచ్చి, పడమటి గదుల దారులు శుభ్రంగానే ఉన్నాయి, దులిపితే దండగన్నది. కొట్టు వైపు ఒక కంత ఉందనీ, దాన్ని పూడ్చకపోతే ఏటేటా తనను పిలవాల్సి వస్తుందనీ, పిలిస్తే తనకు లాభమే కానీ పిల్లకు నష్టమనీ చెప్పింది. ఆ తరువాత తన కూలి చెప్పింది. చెప్పిన కూలి చివరిదాకా పెరగలేదు.

పాపను దూరంగా వైద్యుడి ఇంట్లో ఉంచారు. జల్లెడ కిటికీలన్నిటికీ తడిగుడ్డలు కట్టారు. శెట్టిగారి కుటుంబం మొత్తం వీధిలో కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మొదటి గంప బయటికొచ్చింది.

ఎర్రగా ఉంది. ఇంతలో గాలి వీచింది.

ముందు శెట్టిగారు తుమ్మాడు. తరువాత పక్కిల్లు, ఎదురిల్లు, వీధి మొత్తం తుమ్మింది. చాకలి గాడిద తుమ్మి మూట పడేసింది. ఆ వీధి చివర రాజుగారి ఉత్తర్వు చాటుతున్న దండోరావాడు తుమ్ముల మధ్యనే చదవడం ముగించాడు. ఆ రోజు రాజుగారు పన్ను పెంచాడో తగ్గించాడో గాలికొండలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఒక తుమ్ముకూ మరో తుమ్ముకూ మధ్య శెట్టిగారు ఉన్నట్టుండి నిలబడిపోయాడు.

“అమ్మాయ్, ఆ భూషయ్య గంప మీదికి వంగి చూశాను. గుప్పెడు తీసి వాసన కూడా చూశాను. అప్పుడు నేను తుమ్మలేదు.”

“నన్ను లోపలికి పంపకుండా ఉంటే, ఆ మాట ఆ రోజే చెప్పేదాన్ని, మామయ్యగారూ.”

“నా ఇంట్లో పసుపు కుంకుమలే తుమ్మిస్తాయి. నా ఇంటి దుమ్ము నన్ను తుమ్మించకుండా ఊరుకుంటుందా?”

శెట్టిగారు ఎర్రదుమ్ము గంప నెత్తిన పెట్టుకుని భూషయ్యను వెదకబోయాడు. భూషయ్య ఎంతో దూరం పోలేదు. పక్క వీధిలో దూదేకే ఖాసింసాయెబు వాకిట, అదే బూడిదరంగు దుమ్మును ఆయన కాళ్ళముందు కుమ్మరించి చెమటలు తుడుచుకుంటున్నాడు. దూదేకే ఇంటి గోడల్లోంచి వచ్చిన దుమ్ములో ఒక్క దూదిపోగు లేదేమని శెట్టిగారు అడిగాడు. అవును కదా అని ఖాసింసాయెబు గడ్డం నిమురుకున్నాడు. పోగులు తనే ఏరేశానన్నాడు భూషయ్య.

“అలాగా,” అన్నాడు శెట్టిగారు నెమ్మదిగా. “అయితే నా గోడల్లో కూడా తిరిగొచ్చావు కదా భూషయ్యా, ఈ దుమ్ము నీకు పాత చుట్టమే. ఒకసారి పలకరించు.”

గంప భూషయ్య ముక్కు కిందకు వచ్చింది. భూషయ్య ఊపిరి బిగబట్టాడు. ముఖం ఎర్రబడింది, తరువాత నల్లబడింది. చివరకు ఒక తుమ్ము తుమ్మాడు, దాంతో డప్పు ఒకవైపు పడింది, మీసం ఇంకొకవైపు పడింది. మీసం ఎవరిదో తెలియదు కానీ ఆయనది మాత్రం కాదు. వీధి మలుపులోంచి ఇది చూసిన బిరుదయ్య, మోత రాకుండా పరుగెత్తడం కోసం, రాజులిచ్చిన పతకాలన్నీ విప్పి మురికికాలవలో వేశాడు.

నాటినుంచి గాలికొండలో, ఏ ఇంటి దుమ్ముకు ఆ ఇంటి వాసన రావాలి అనే కట్టుబాటు పుట్టింది. గానుగవాడి ఇంటి దుమ్ము జిడ్డుగా ఉండాలి, పిండిమర ఇంటి దుమ్ము తెల్లగా ఉండాలి. లేకపోతే కూలి లేదు.

కంత పూడ్చాక, పాపను ఇంటికి తెచ్చారు. వకుళ పాలు పట్టింది. ఇంటిల్లిపాదీ తుమ్ము కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. పాప తాగింది. ఆగకుండా తాగింది. కడుపు నిండాక తాత వేలు పట్టుకుని నిద్రపోయింది. చెవి ఆనించి వింటే గరగర లేదు. వకుళ మూట విప్పి బట్టలు పెట్టెలో సర్దుకుంది.

ఆ ఇంట్లోవాళ్ళు మాటలు పూర్తిగా చెప్పుకోవడం కూడా అప్పుడే మొదలైంది. శెట్టిగారి భార్యకు తన మొగుడితో చెప్పవలసిన మాటలు చాలా మిగిలి ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఆ ఒక్క విషయంలో శెట్టిగారికి పాత దుమ్మే మేలనిపించిందని అంటారు.

మూసిన గోడలో పని చేసేవాడు “వచ్చి చూసుకోండి” అంటేనే నమ్మాలన్నది ఈ కథ నీతి. ఇంత రాశాక కూడా, నిండు మీసం ఒకటి గుమ్మంలో నిలబడితే “ఏదీ, చూపించు” అని అడగడం నాకింకా చేతకాలేదు.