తోక ఉన్న మాంసం

ఆ ఊళ్ళో మాంసాన్ని తోక చూసి కొనేవారు. పొట్టేలుకి చర్మమంతా ఒలిచినా తోక చివర పిడికెడు బొచ్చు వదిలి వేలాడదీయాలి. ఆ బొచ్చు వేళ్ళతో తడిమి చూశాకే ఎవరైనా సంచీ విప్పేవారు. అది తాతల నాటి నియమం. మిగతా పొట్టేలు గురించి ఎవరూ పెద్దగా అడిగేవారు కాదు.

ఊరి పక్కన ఒక కొండ ఉంది. ఆ కొండ మీద ఒక కాపరి, అతని భార్య, రెండు వందల గొర్రెలు. ఊరు తినే మాంసం చాలావరకు ఆ మందలోంచే దిగేది.

ఒక ఏడు ఊళ్ళోకి సూపర్ మార్కెట్ వచ్చింది. సందులోని మాంసం కొట్టు మూతపడింది. కొట్టువాడు తలకి టోపీ, చేతులకి తొడుగులు వేసుకుని అందులోనే పనికి చేరాడు. అద్దాల బీరువాలు రెండు పక్కపక్కన పెట్టారు. ఒకదాని మీద మన మాంసం అనీ, రెండోదాని మీద పరదేశపు మాంసం అనీ రాశారు. పరదేశపుది ఓడలో, ఐసులో, అట్టపెట్టెల్లో వచ్చేది. మెత్తన, శుభ్రం, పైగా సగానికి సగం చౌక. దానికి తోక మాత్రం ఉండదు. ఆ దేశంలో తోకలు ఎవరూ అడగరట.

జనం వచ్చి మొదటి బీరువా ముందు నిలబడి ధర చూసి నిట్టూర్చేవారు. రెండో బీరువా ముందు నిలబడి తోక లేకపోవడం చూసి నిట్టూర్చేవారు. తర్వాత కందిపప్పు కొనుక్కుని ఇంటికి పోయేవారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, నలుగురి ముందు దాన్ని వడ్డించుకోవడానికి ధైర్యం కావాలి.

ఊరి పెద్దలు సభ పెట్టారు. మన కొండ గడ్డి తిన్న మాంసమే మన ఒంటికి పడుతుందని తీర్మానించారు. చప్పట్లు బాగా మోగాయి. సభ ముగిశాక అధ్యక్షుడు సూపర్ మార్కెట్ యజమానిని పక్కకి పిలిచి, ఆ రెండో రకం నల్ల సంచిలో పెట్టి ఇంటికి పంపే వీలుందా అని అడిగాడు.

యజమాని చెడ్డవాడేమీ కాదు. అతని దిగులల్లా కదలని పెట్టెల గురించే. అవి అమ్ముడుపోయేదాకా కొండ పొట్టేళ్ళు కొననని కాపరికి కబురు పెట్టాడు.

కాపరికి అది పిడుగులాంటి కబురు. ఆ ఏడు వానల్లేవు. కొండ మీద గడ్డి నెలకి మించి రాదు. పొట్టేళ్ళు అమ్ముడుపోకపోతే తిండి లేక మంద మొత్తం కళ్ళముందే పడిపోతుంది. అతనికి తెలిసిన బతుకు ఆ మంద ఒక్కటే.

అతను అలా కూలబడి ఉన్నప్పుడు యజమాని కారులో కొండెక్కి వచ్చాడు. మందను చాలాసేపు వెనకనుంచి చూశాడు.

"మామా, నీ గొర్రెలు నాకొద్దు. తోకలియ్యి చాలు."

"తోకలేం చేసుకుంటావు సామీ?"

"ఊరికి నమ్మకం కావాల. అది నీ గొర్రెల ఎనకాల ఉంది."

బదులుగా వారానికొక లారీ మేత పంపుతానన్నాడు. ఒక్క గొర్రె ప్రాణం కూడా పోనక్కర్లేదన్నాడు. కాపరికి అందులో తప్పేమీ కనబడలేదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందన్న సామెత కట్టినవాళ్ళు అందులో కాపరిని కలపడం మరిచిపోయారు.

అతని భార్య మాత్రం ఒకే మాట అడిగింది.

"తోక లేకుంటే ఈగల్ని దేంతో తోలుకుంటాయయ్యా?"

అతను వేపనూనెలో పసుపు కలిపి, కత్తి నూరుకున్నాడు.

ఆ వారం నుంచి పరదేశపు తొడలకి కొండ తోకలు దారంతో కట్టి మొదటి బీరువాలో వేలాడదీశారు. రెండో బీరువా తీసేశారు. జనం వచ్చారు, తోక తడిమారు, చౌకగా ఉందని మురిశారు. మన మాంసం ఎప్పటికైనా మన మాంసమే, ఎముక నమిలితే కొండ గాలి తగులుతుంది అని చెప్పుకున్నారు. పరదేశపు సరుకుని తరిమేసినందుకు యజమానికి శాలువా కప్పి విందు పెట్టారు. ఆ విందుకి కాపరిని కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. అతను మొదటి ముద్దకే కూర రుచి కనిపెట్టాడు. అది ఏ కొండదో అతనికి తెలియదు, తన కొండది కాదని మాత్రం తెలుసు. మేత లారీ గుర్తొచ్చి, తలొంచుకుని తిన్నాడు. అంత సిగ్గు అతనికి జన్మలో ఎప్పుడూ కలగలేదు.

మందలో ముందు నడిచే గంట పొట్టేలొకటి ఉంది. తల్లి చచ్చిన పిల్లని కాపరి భార్య ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టి పెంచింది. దాని తోక నల్లన, కొస ఒక్కటీ తెల్లన. దాన్ని ముట్టనని ఆమెకి మాటిచ్చాడు. మిగతా తోకలన్నీ అయిపోయాక ఆ మాట కూడా అయిపోయింది.

ఆ తోక పంపిన మరుసటి వారం మేత లారీ రాలేదు. కాపరి కొండ దిగి యజమానిని అడిగాడు. జనం ఇప్పుడు బాగా అలవాటు పడ్డారని, పెట్టె మీద తోక బొమ్మ వేసినా కొంటున్నారని యజమాని ప్రేమగానే చెప్పాడు. బొమ్మని నమ్మని ఒకరిద్దరు ముసలివాళ్ళకోసం నాలుగు తోకలు ఐసులో దాచామనీ, అవి చాలనీ అన్నాడు.

కొండ మీద గడ్డి అయిపోయింది. గొర్రెలు ఒకటొకటిగా పడిపోతున్నాయి. ఒక్క పొట్టేలు అమ్మినా మిగతావాటికి పది రోజుల మేత దొరుకుతుంది. అమ్మకానికి నిలబడగల సత్తువ గంట పొట్టేలు ఒక్కదానికే ఉంది. వెనక మానిన మచ్చ మీద చెయ్యి వేసి, కాపరి దాన్ని బజారుకి తోలుకొచ్చాడు.

పొద్దెక్కేదాకా ఎవరూ ఆగలేదు. చివరికి ఒక అవ్వ ఆగింది. ఊళ్ళో మాంసం బేరం ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని పేరు. పొట్టేలు వీపు నిమిరింది, పళ్ళు చూసింది, తృప్తిగా తలాడించింది. తర్వాత అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి పోనిచ్చింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏ దేశందప్పా ఇది?"

"మన కొండదే అవ్వా. నా చేత్తో పెంచినా."

"మనదైతే తోకేదీ?"

కాపరి నోరు తెరిచాడు. తోక ఎవరు కోశారో చెప్పాల్సి వస్తుంది. నోరు మూసుకున్నాడు.

అవ్వ జాలిపడింది. ముసలివాణ్ణి ఎవరో మోసం చేసి పరదేశపు గొర్రెని అంటగట్టారనుకుంది. తన చేతిసంచీ తెరిచి, అప్పుడే సూపర్ మార్కెట్‌లో కొన్న తొడని పైకి తీసింది. దానికి దారంతో కట్టిన తోక వేలాడుతోంది. నల్లన, కొస ఒక్కటీ తెల్లన.

"ఇదీ మన కొండ గొర్రంటే. చూసి నేర్చుకో."

పొట్టేలు మెడ చాచి ఆ తోకని వాసన చూసింది. మెడలో గంట ఒకసారి మోగింది. అవ్వ తొడని సంచీలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఎండ ముదిరింది. పొట్టేలు వీపు మీద ఈగలు వాలాయి. అది వెనక భాగాన్ని ఊపింది, మళ్ళీ ఊపింది. ఈగలు కదల్లేదు. కాపరి తలగుడ్డ విప్పి, సాయంత్రం దాకా వాటిని తోలుతూ కూర్చున్నాడు.