రాజుగారి సంక్షోభం

కొండవాకిలి రాజు జగపతిది వెన్నలాంటి మనసు, కానీ తొందరెక్కువ. ఏ చిన్న ఇబ్బంది వచ్చినా "సంక్షోభం!" అంటూ నగారా మోగించేవాడు. అది వినగానే ఊరంతా పనులు మానుకుని కోటకు రావాలి.

తొలకరి పడి రైతులు విత్తనాలు వేస్తున్న రోజున రాజుగారి చిలక ఎగిరిపోయింది. నగారా మోగింది. రైతులు అరకలు వదిలేసి, బురద కాళ్ళతోనే వచ్చి నిలబడ్డారు. నేల ఆరిపోతే విత్తు మొలవదని తెలిసినా నోరు విప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మధ్యాహ్నానికి రాజుగారికి ఆకలేసింది. చూస్తే, ఆయన్ని చిన్నప్పటి నుంచీ పెంచిన వంటమనిషి గవరమ్మ కూడా ఆ గుంపులోనే ఉంది.

"భోజనం ఏదీ, గవరమ్మా?"

"ఎక్కడిది బాబూ? నగారా విని పొయ్యి ఆర్పి వచ్చేశాను."

"వంట మానేసి రమ్మన్నానా? అన్నం లేకపోతే ఎలా?"

"సంక్షోభమన్నారుగా! తమరి అన్నం కూడా ఆగేంత కష్టమేమో అనుకున్నాను. అన్నం ఆగనక్కర్లేకపోతే, మరి వీళ్ళ విత్తనాలు ఎందుకు ఆగాలి బాబూ?"

రాజు ఆ బురద కాళ్ళ వైపు చూశాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడింది.

"వెళ్ళండి, ముందు పొలాలు చూసుకోండి" అని అందరినీ పంపేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మరి చిలక పోతే ఏమంటారు, గవరమ్మా?"

"దిగులంటారు బాబూ. దానికి నగారా ఎందుకు? పక్కన ఒక మనిషి ఉంటే చాలు."

గవరమ్మ పొయ్యి వెలిగించి అన్నం వండింది. ఆయన తింటూ చిలక కబుర్లు చెప్పినంతసేపూ కదలకుండా కూర్చుంది.