చీమ గుర్తు తుపాకి

అనగా అనగా, పిల్లలూ, రాజులు వేటకు పోవడం మానేసి, వేటతుపాకులను గోడకు వేలాడదీసుకుని మురిసిపోయే కాలంలో, కరికొండ అనే దుర్గం ఉండేది. ఆ రాజుకు పాత జంటగొట్టాల తుపాకులంటే ప్రాణం. ఏటా దసరాకు ముందు వాటిని కొనేవాడు. వెల కట్టే పని రుద్రాచారిది.

రాజు వద్దన్న తుపాకిని ఇనుము ధరకు రుద్రాచారే కొనుక్కోవచ్చని అక్కడి ఆనవాయితీ. ముప్పై ఏళ్లలో అతడు ఒక్కటీ కొనలేదు. అతడికి కావలసింది ఒకటే తుపాకి. అది రాలేదు.

అతడి తండ్రి కాళాచారి తుపాకులు చేసేవాడు. గొట్టాల అడుగున చిన్న చీమ బొమ్మ చెక్కడం ఆయన గుర్తు. కరువొచ్చిన ఏడాది, తాను చేసిన చివరి తుపాకిని ఎవరికో ఇచ్చేసి, ఆ ఏడే కన్నుమూశాడు. అప్పటికి రుద్రాచారికి ఐదేళ్లు. తండ్రి ముఖం గుర్తులేదు, మాట గుర్తులేదు. తుపాకిని ఒళ్లో పెట్టుకుని దాని కర్ర పిడికి అవిసె నూనె రుద్దే చేతులు మాత్రం గుర్తున్నాయి. ఆ తుపాకి దొరికితే నాన్న దొరికినట్టే అనుకునేవాడు. పిచ్చివాడు! యాభై ఏళ్లు వచ్చినా ఆ బెంగ తీరలేదు.

ఆ ఏడు కొలువు చావడికి ముగ్గురు వచ్చారు.

మొదట ఒక రేవు వర్తకుడు బంగారు పూత తుపాకి తెచ్చాడు. "రెండు వందల ఏళ్లనాటిది, ఆచారిగారూ!" అన్నాడు.

రుద్రాచారి దాన్ని తిరగేసి చూశాడు. "పూత మొన్నటిది శెట్టిగారూ. దాని కింద చేసినవాడి ముద్రను ఆకురాయితో అరగదీశారు. తీసుకెళ్లండి."

రెండోవాడు మీసాలు మెలేసిన మాజీ ఠాణేదారు.

"గొట్టాల మీద ఏడు అని ఉంది, కర్ర మీద పన్నెండు. రెండు తుపాకులను కలిపి ఒకటి చేశారు దొరా," అన్నాడు రుద్రాచారి. ఠాణేదారు మీసం జారిపోయింది.

మూడో మనిషి ఓబులమ్మ అనే ముసలామె, ఒక బోయ వేటగాడి భార్య. ఆమె కంబళిలో చుట్టిన తుపాకిని విప్పగానే రుద్రాచారి దాన్ని వెలుతురులో తిరగేసి చూశాడు. ఇనుము సహజంగా నల్లబడి ఉంది. అంకెలన్నీ కలిశాయి. గొట్టాల అడుగున చీమ ఉంది.

ఓబులమ్మ మాత్రం శెట్టి ఇంకా మూట కట్టుకుంటున్న బంగారు పూత తుపాకిని చూసి సిగ్గుపడింది. "మాసిపోయినదాన్ని రాజుకెట్ల చూపేది నాయనా? ఆయుధపూజకు తోమినట్టు బావికాడ చింతపండేసి తోముకొస్తా," అంటూ తుపాకి తీసుకుని లేచింది.

చింతపండు తగిలితే దాని పాతతనానికి సాక్ష్యమైన ఆ నలుపు పోతుంది. నలుపు పోతే రాజు వద్దంటాడు. రాజు వద్దంటే తుపాకి రుద్రాచారిదే. అబద్ధం ఆడనక్కరలేదు, నోరు మూసుకుంటే చాలు. ఆమె బావి గట్టు దాకా వెళ్లింది. ఆమె చేద అందుకుంది.

"తోమొద్దవ్వా!" అని అరిచాడు రుద్రాచారి. "దాని విలువంతా ఆ నలుపులోనే ఉంది. నూరు వరహాలకు తక్కువ అడగొద్దు."

రాజు నూరు వరహాలూ ఇచ్చి తుపాకిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇక దాన్ని ముట్టే హక్కు ఎవరికీ లేదు. రుద్రాచారి బీరువా అద్దం ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"యేంటికి నాయనా ఏడుస్తాండావు?" అంది ఓబులమ్మ.

"అది మా నాన్న చేసిన తుపాకి అవ్వా."

ఓబులమ్మ అతడి ముఖంలోకి తేరిపార చూసింది. "నువ్వు కాళాచారి కొడుకువా? ఆ కరువు పొద్దు మా ఇంట్లో తుపాకి పెట్టి, గింజల మూట యెత్తుకున్నాడు మీ నాయన. 'అంత మంచి తుపాకిని ఇంత చవకగా ఇస్తివే' అని మా ఆయన అడిగితే నవ్వినాడు. 'మా రుద్రుడు రెండు దినాల్నుంచి పస్తుండాడు. వాని ముందర ఇదెంత?' అనె."

రుద్రాచారి ఆ మాటను మళ్లీ చెప్పించుకున్నాడు. మూడోసారీ చెప్పించుకున్నాడు. తర్వాత బీరువా వైపు తిరగకుండానే చావడి మెట్లు దిగాడు.

పిల్లలూ, ఎదుటివారి సొత్తుకు నిజమైన వెల కట్టినవాడికే తన సొత్తు ఏదో తెలిసివస్తుంది.