సన్యాసమ్మ చెప్పింది, మేం విన్నాం

మా ముగ్గురి తెలివీ పంచిపెడితే ఊరందరికీ సరిపోయి ఇంకాస్త మిగులుతుందని మాకు గట్టి నమ్మకం. ముగ్గురమంటే లెక్కల టీచరు మంగతాయారు, డ్రాయింగు టీచరు ఎస్తేరు రాణి, తెలుగు చెప్పిన నేను. రిటైరయ్యాక, కష్టంలో ఉన్నవాళ్ళకు సాయపడే కేంద్రం ఒకటి పెట్టాం. ముప్పై ఏళ్ళు మాట్లాడటమే తప్ప విని ఎరగం కదా, అందుకని వినడం నేర్పే శిక్షణకు మూడు రోజులు వెళ్ళొచ్చాం కూడా.

కేంద్రం తెరిచిన మొదటిరోజే సన్యాసమ్మ వచ్చింది.

"నాను సచ్చిపోనానని రేషను కార్డులో పేరు కొట్టీసినారు టీచరమ్మా. అయిదుకల్లా మండలాఫీసులో అర్జీ ఇయ్యకపోతే ఇంక బియ్యం రావంట. కాస్త రాసి పెట్టండి," అంది. అప్పటికి నాలుగయింది.

విన్నది తిరిగి చెప్పాలని కదా మాకు నేర్పింది. "అంటే మీరు చనిపోయారన్నమాట," అన్నాను.

"సావలేదమ్మా."

"చావలేదంటున్నారు," అంది మంగతాయారు.

"అదే గదా సెప్తన్నాను."

"అదే చెబుతున్నానంటున్నారు."

ఇంకేముంది, పావుగంట పోయింది.

ఏడ్చేవాళ్ళను తొందరపెట్టకూడదని కూడా నేర్పారు. సన్యాసమ్మ ఏడవలేదు. ఎప్పుడు ఏడుస్తుందా అని తొందరపెట్టకుండా ఇంకో పావుగంట కూర్చున్నాం.

"రాత్తారా, రాయరా?" అందావిడ.

ఎస్తేరు రాణి కలం తీసింది. చెప్పేవాళ్ళ మొహం మీంచి చూపు తిప్పకూడదు గదా, కాగితం చూడకుండానే రాసింది. అంతే, అర్జీలో సగం బల్లగుడ్డ మీదకు పోయింది. సన్యాసమ్మ కాగితమూ బల్లగుడ్డా చంకన పెట్టుకుని పరిగెత్తింది. వెనకే మేం.

ఆఫీసులో గుమాస్తా రెండూ చదివి, "ఈవిడే సన్యాసమ్మని మీకు తెలుసా?" అని మమ్మల్నడిగాడు.

మేం పెదవి విప్పలేదు. మనతో చెప్పుకున్నవాళ్ళ సంగతి బయట చెప్పకూడదని మూడో రోజు పాఠం.

"పోనీ, బతికుందా లేదా?"

"అదీ చెప్పం బాబూ," అన్నాను.

సన్యాసమ్మ మావైపు తిరిగింది. "మీతో సెప్పుకోడం కన్నా సచ్చిపోడమే నయం," అని మొదలెట్టి, మా దగ్గర చదువుకున్న పిల్లల మీద జాలిపడుతూ మరీ తిట్టింది. మేం తలూపుతూ, ఒక్క ముక్క వదలకుండా విన్నాం. గుమాస్తా గడియారం చూశాడు, ఆవిడ్ని చూశాడు.

"చచ్చినావిడ ఇంత తిట్టదు," అని ముద్ర కొట్టేశాడు.

చూశారా పిల్లలూ, శ్రద్ధగా వింటే ఎంత ఫలితమో. మర్నాడే కేంద్రం ముందు బోర్డు పెట్టించాం: "ఇచ్చట మీరు బతికే ఉన్నారని రుజువు చేయబడును. తిట్లు మీవే తెచ్చుకోవలెను."