డప్పు వినని వడియాలు

అది చైత్ర బహుళ పంచమి, శుక్రవారం. పొద్దు పొడిచి అయిదు గడియలైంది. నిజానిజాలు ఆ పైవాడికే ఎరుక గానీ, నీలాద్రిపురమనే రాజధానిలో సరిగ్గా ఆ వేళకే, అచ్చమాంబ మిద్దె మీద పాత పంచె పరిచి పెట్టిన బియ్యపు వడియాల మీద నల్లటి నుసి రాలడం మొదలైంది.

అచ్చమాంబ భర్త సోమిదేవయ్య ఆ రాజ్యానికి పొగ విచారణకర్త. ఊరి చెత్త కాల్చడానికి విజయకేతు మహారాజు ఊరి చివర పెద్ద బట్టీ కట్టించి, ధనగుప్తుడనే గుత్తేదారుకి అప్పగించాడు. ఎండు చెత్తే కాల్చాలి, తడిదీ తోలూ లక్కా కాల్చరాదని శాసనం. నెలనెలా చూసి వచ్చి "పొగ శుద్ధం" అని ముద్ర వేయడం సోమిదేవయ్య పని.

అచ్చమాంబ నల్లబడిన వడియం ఒకటి భర్త అరచేతిలో పెట్టింది.

"ఇదీ మీ ముద్ర పడిన పొగ. వడియాలు పోతే పోనీండి. గౌరికి మళ్ళీ ఆయాసం మొదలైంది."

గౌరి వాళ్ళ మనవరాలు. ఆరేళ్ళ పిల్ల.

సోమిదేవయ్య బట్టీ చూసి రావడానికి సిద్ధపడ్డాడు. అయితే ఆ రాజ్యంలో ఒక మర్యాద ఉంది. రాచముద్ర పట్టుకుని ఎక్కడికి వెళ్ళినా, ముందు రోజే ఊరంతా డప్పు వేయించాలి. డప్పు మోగింది. మర్నాడు వెళ్ళేసరికి బట్టీలో ఎండు కొబ్బరి డొక్కలు కాలుతున్నాయి. పొగ సాంబ్రాణి ధూపంలా తెల్లగా లేస్తోంది. ధనగుప్తుడు చల్లటి మజ్జిగ చేతికిచ్చాడు.

"చూశారుగా బాబుగారూ, దీని పక్కన కూర్చుని జపం చేసుకోవచ్చు."

చూసినదాన్ని కాదనలేక ముద్ర వేసి వచ్చాడు.

రెండో నెల డప్పు వేసే పోలయ్యను పిలిచి, "ఈసారి కాస్త మెల్లగా వెయ్యవయ్యా" అన్నాడు.

"మెల్లగా వేస్తే అది డప్పెలా అవుతుంది దొరా? మా ఆవిడ గొణుగుడవుతుంది" అన్నాడు పోలయ్య.

మళ్ళీ అవే డొక్కలు. అదే మజ్జిగ. అదే ముద్ర.

మూడోసారి నేరుగా రాజుగారి దగ్గరికే వెళ్ళాడు. "ప్రభూ, డప్పు లేకుండా ఒక్కసారి వెళ్ళనివ్వండి."

"చెప్పకుండా చొరబడితే దొంగకీ అధికారికీ తేడా ఏముందయ్యా? తాతల నాటి మర్యాద. తప్పకూడదు" అన్నాడు రాజు.

సోమిదేవయ్య ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు. "శాసనం చేసింది వారే, డప్పు వేయించేదీ వారే. నడుమ నేనెందుకే?" లోపల గౌరి దగ్గుతోంది.

అచ్చమాంబ దేవుడి దగ్గర వత్తి సర్దుతూ, "డప్పు మనుషులకి వినిపిస్తుంది గానీ, వడియాలకి వినిపించదు కదండీ" అంది.

సోమిదేవయ్య తలెత్తి చూశాడు.

మరుసటి నెల సభకి రెండు పళ్ళాలు వెళ్ళాయి. ఒకదాంట్లో తెల్లటి వడియాలు, రెండోదాంట్లో నల్లటివి.

"ఇవేమిటి, మిరియాల వడియాలా?" అన్నాడు రాజు.

"కాదు ప్రభూ, రెండూ ఒకే పిండి. తెల్లవి నేను బట్టీ చూడ్డానికి వెళ్ళిన నాడు ఎండాయి. నల్లవి ఆ మర్నాడు. తమరు ఈ నల్లవాటిలో ఒక్కటి రుచి చూసి బాగుందంటే, ఇప్పుడే ముద్ర వేస్తాను."

రాజు చెయ్యి పళ్ళెం దాకా వచ్చి ఆగిపోయింది.

సభలోనే ఉన్న ధనగుప్తుడు లేచాడు. "ప్రభూ, తప్పు నా ఒక్కడిదేనా? తడీ పొడీ ఒకే గంపలో ఇళ్ళ నుంచే వస్తున్నాయి. విచారణకర్తగారి ఇంటి గంపా అంతే. కావాలంటే వారినే అడగండి."

సోమిదేవయ్యకి వాదించే ఓపిక లేదు. అబద్ధమాడే అలవాటూ లేదు. "నిజమే ప్రభూ" అన్నాడు.

రాజు నల్లటి వడియాల పళ్ళెం పక్కకి జరిపాడు. "ఇకమీదట డప్పు తనిఖీ అయ్యాకే మోగాలి. బట్టీలో ఏం కాలుతోందో ఊరికి అదే చాటాలి. శుద్ధం కాని నాడు బట్టీ చల్లారాలి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అచ్చమాంబ గడప పక్కన రెండు గంపలు పెట్టింది. సోమిదేవయ్య రాత్రి తిన్న విస్తరాకు పట్టుకుని నిలబడ్డాడు. "ఇది తడిదా, పొడిదా?"

"మెతుకులు అంటుకుంటే తడిదే తాతయ్యా" అని గౌరి దగ్గుతూనే నవ్వింది. వడియాలు మాత్రం ఆ రోజు పెట్టలేదు. ఇంకో నాలుగు రోజులు చూద్దామంది అచ్చమాంబ.

చెప్పి వచ్చే తనిఖీకి తప్పు దొరకదు. తన గంప దిద్దుకోనివాడికి ఊరి పొగను అడిగే నోరు ఉండదు.