ఫేను రెక్కల మీద పేరు

సుగుణమణికి ఆ ఫేను తిరగడం ఇష్టం లేదు.

ఆమె ఇచ్చిన ఫేనే అది. భర్త జీవరత్నం మాస్టారు పోయి ఏడాది కావస్తోందని, ఆయన జ్ఞాపకంగా పేటలోని ఏసు ప్రభువు గుడిలో ఆడవాళ్ళు కూర్చునే వైపు బిగించింది. తెల్లటి రెక్కల మీద ఎర్ర రంగుతో రాయించింది. ఒక రెక్క మీద 'కీర్తిశేషులు', రెండోదాని మీద 'జీవరత్నం మాస్టారు', మూడోదాని మీద 'భార్య సుగుణమణి'.

ఫేను ఆగి ఉన్నంతసేపూ పేరు చక్కగా కనిపించేది. స్విచ్చి వేస్తే చాలు, మూడు రెక్కలూ కలిసి తెల్లటి చక్రమైపోయేవి. అందులో పేరు ఉండేది కాదు.

అందుకని ఆమె స్విచ్చి దగ్గరే చాప వేసుకుని కూర్చునేది. ఎవరైనా లేస్తే, "ఇప్పుడొద్దు, ప్రార్థన మధ్యలో చప్పుడు" అనేది. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఎండాకాలం నడిమధ్య. రేకుల కప్పు కింద గాలి ఆడడం లేదు. మార్తమ్మ పైటచెంగుతో మెడ తుడుచుకుంటూ పైకి చూసింది.

"అక్కా, నేను కూర్చున్న వైపు నుంచి చదివితే 'భార్య సుగుణమణి కీర్తిశేషులు' అని వస్తోంది. కాస్త చూసుకో!"

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయినా నవ్వు ఆగలేదు. సుగుణమణి మొహం ఎర్రబడింది. విసురుగా లేచి, గుడి వెనక గదిలో ఉండే దేవసహాయం అయ్యగారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన పాస్టరు పని మానుకుని చాలా కాలమైంది. వయసు ఎనభై దాటింది. మాస్టారు పోయాక, ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక రోజూ పొద్దున్నే వచ్చే సుగుణమణికి ఆ దుఃఖంలో ప్రార్థన చెయ్యడం నేర్పింది ఆయనే. ఏం అడిగినా చివర్లో 'నీ చిత్తమే జరగనీ' అనమని చెప్పారు. ఆమె ఒక్కరోజు కూడా ఆ మాట మరవలేదు.

"అయ్యగారూ, వాళ్ళకి మీరు చెప్పండి. వచ్చే వారం ఆయన పోయిన ఏడాదికి ఆదరణ కూటం ఉంది. అప్పటిదాకా ఎవరూ ఆ ఫేను వెయ్యొద్దని చెప్పండి. వచ్చిన వాళ్ళందరూ ఆయన పేరు చదవాలి."

"ఎందుకమ్మా?"

"మర్చిపోతున్నారండీ. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే మర్చిపోతున్నారు." అక్కడ ఆమె గొంతు తగ్గింది. "వాళ్ళ సంగతి వదిలెయ్యండి. మొన్న పొద్దున లేచేసరికి ఆయన గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రాలేదు. నన్నేమని పిలిచేవారో గుర్తుంది. ఆ గొంతు లేదు. రేపు మొహం కూడా పోతే? పేరైనా కళ్ళ ముందు నిలబడి ఉండాలి కదండీ."

అయ్యగారు మంచం మీది తాటాకు విసనకర్ర తీసుకుని, గోడ పట్టుకుంటూ గుడిలోకి నడిచారు. ఆమె వెనకాలే వెళ్ళింది.

లోపల ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఒళ్ళంతా చెమటకాయలు. అయ్యగారు మెల్లగా ఆ బిడ్డ పక్కన కూలబడి విసరడం మొదలుపెట్టారు.

"అయ్యో, మీరెందుకండీ!" అంది తల్లి.

"నా చేతి మీద ఏమీ రాసి లేదమ్మా. ఊగినా నష్టం లేదు."

ఈసారి మార్తమ్మ కూడా నవ్వలేదు.

కాసేపటికి ఆయన అలిసిపోయి విసనకర్ర రెండో చేతికి మార్చుకున్నారు. సుగుణమణి చూడలేకపోయింది. వంగి విసనకర్ర పట్టుకుంది.

"ఇటివ్వండి అయ్యగారూ."

ఆయన వదల్లేదు. "మాస్టారిని సమాధి చేసిన రోజు ఏమని ప్రార్థన చేశావు?"

"నీ చేతులకి అప్పగిస్తున్నాను ప్రభువా అని."

"అప్పగించి వచ్చావా? చూపించి తెచ్చేసుకున్నావా?"

విసనకర్ర ఇద్దరి చేతుల మధ్యా ఆగిపోయింది.

"నేను కూడా ఆయన్ని మర్చిపోతేనండీ?" అంది ఆమె, ఆయనకి మాత్రమే వినబడేలా.

"మర్చిపోతావేమో. మా ఇంటావిడ పేరు నేనూ ఒక్కోసారి తడుముకుంటున్నాను." ఆయన విసనకర్ర ఆమె చేతికి వదిలేశారు. "మనం ఎవరికి అప్పగించామో, ఆయనకి మరుపు లేదు తల్లీ."

సుగుణమణి చాలాసేపు ఆ బిడ్డకి విసురుతూ కూర్చుంది. తర్వాత విసనకర్ర తల్లి ఒడిలో పెట్టి లేచింది. స్విచ్చి మీద వేలు ఆనించి పైకి చూసింది. ఎర్రటి అక్షరాల్ని పెదవులు కదుపుతూ, బళ్ళో పిల్లలా, ఒక్కొక్కటే చదువుకుంది. అప్పుడు నొక్కింది.

రెక్కలు కదిలాయి. అక్షరాలు సాగి ఎర్రటి గీతలయ్యాయి. తర్వాత అవీ లేవు.

బిడ్డ నుదుటి మీది జుట్టు ఎగిరింది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. సుగుణమణి వచ్చి మార్తమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

అప్పుడే ఒక ముసలామె గుమ్మంలోకి వచ్చింది. పొరుగూరి నుంచి కూతురింటికి వచ్చినావిడ, ఈ గుడికి కొత్త. ఎండలో నడిచొచ్చి, గాలి తగిలేసరికి అక్కడే నిలబడి కళ్ళు మూసుకుంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఎవరు పెట్టించారమ్మా ఈ ఫేను?"

అందరూ సుగుణమణి వైపు తిరిగారు. ఆమె అయ్యగారి వైపు చూసింది. ఆయన గోడకి చేరగిలబడి, చొక్కా పై గుండీ తీసుకుని గాలి పోసుకుంటున్నారు.

మార్తమ్మ నోరు తెరవబోయింది. సుగుణమణి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"రండి పిన్నీ, కూర్చోండి" అని చాప మీద పక్కకి జరిగి, గాలి బాగా తగిలే చోటు ఆమెకిచ్చింది.