గంట దించిన రెండు రోజులు

గొర్రెల సంగతి కాబట్టి తొందరేం లేదు, నింపాదిగానే చెప్తాను.

తుమ్మచెట్ల దిబ్బ మీద ఒక మంద ఉండేది. కాపరి ఉన్నాడు, పేరుకి. పొద్దెక్కగానే ఏదో ఒక నీడ చూసుకుని, గొంగడి పరుచుకుని, ఒక చెవి మాత్రం మంద వైపు పడేసి కళ్లు మూసేవాడు. గంట వినబడితే మంద ఉన్నట్టు లెక్క. ఆ గంట ఒక నడివయసు గొర్రె మెడలో ఉండేది. ముఖాన తెల్లమచ్చ ఉందని చిన్నప్పుడు దాన్ని బొల్లి అని పిలిచేవాళ్లు. గంట కట్టిన నాటి నుంచి ఆ పేరు మూలనపడింది. చిన్నా పెద్దా అందరికీ గంటమ్మే.

గంటమ్మ పని ఇంతా అంతా కాదు. తెల్లారితే ముందు నడవాలి. గరిక ఎక్కడుందో, నీళ్లు ఎక్కడున్నాయో తనే చూడాలి. పోట్లాడుకున్న పిల్లలను విడదీయాలి. భీమరాజు అని ఒక పొట్టేలు ఉండేవాడు. కొమ్ములు మెలితిరిగి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాడు. చేసే పనల్లా మందకు ఎడంగా నడుస్తూ కనబడిన చిగురల్లా తినడం, ఆ కొమ్ముల మొదట్లో దురద పుడితే "గంటమ్మా" అని కేకేయడం. ఆ దురద తీర్చడం కూడా గంటమ్మ పనే.

ఇదంతా ఎప్పుడూ ఉన్నదే. ఆ ఏడు చలికాలంలో మాత్రం రెండు పిల్లలు తప్పిపోయాయి. ఎలా పోయాయో ఎవరికీ తెలీదు. సాయంత్రం దడిలోకి వచ్చేసరికి లేవు, అంతే. అప్పటి నుంచి గంటమ్మకు తిండి సయించడం మానేసింది. నిద్రలో కూడా కాళ్లు కదిలిస్తూ ఉండేది. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి, వరుసలో చివరగా వచ్చే పిందె ఉందో లేదో చూసుకునేది. పిందె ఆమె కూతురు నీలికి పుట్టిన పిల్ల. ఒక కాలు వంకర. ఎంత ముందుకు తోసినా చివరికే చేరేది. తిరిగి చూసినప్పుడల్లా గంట గణగణమనేది. పిందె కనబడేది. ప్రాణం కుదుటపడేది. పది అడుగులు వేసేలోపు మళ్లీ అదే గుబులు.

ఆమె గోడు వినడానికి ఒక్కడే ఉన్నాడు. దాసయ్య అని ఒక నక్క. మాంసం మానేసి చాలాకాలమైందనీ, రేగుపళ్ల మీద బతుకుతున్నాననీ చెప్పుకునేవాడు. నిజంగానే రోజూ రేగుచెట్టు కింద కూర్చుని నాలుగు పళ్లు అందరికీ కనబడేలా నమిలేవాడు. సాయంత్రాలు ముళ్లదడికి అవతల, మర్యాదగా ఎడంగా కూర్చునేవాడు. "నువ్వున్నావు గనక ఈ మంద నిలబడింది అక్కా" అనేవాడు. ఆ మాట ఇంకెవరూ అనరు కదా. గంటమ్మకు కళ్లు చెమర్చేవి.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతుంటే ఉన్ని కత్తిరించే రోజు వచ్చింది. కాపరి ఒక్కొక్కదాన్నీ పడుకోబెట్టి కత్తెర ఆడించాడు. గంటమ్మ వంతు వచ్చినప్పుడు అడ్డమని గంట విప్పి దడికర్రకు తగిలించాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. తిరిగి గంట కట్టేటప్పుడు కాపరి ఎవరినీ వెతకడు. ఎవరి మెడ దగ్గరగా ఉంటే వాళ్లకే కట్టేస్తాడు. ఇన్నేళ్లూ ప్రతి కత్తిరింపు అయ్యాక గంటమ్మే తనంతట తాను వెళ్లి మెడ చాచేది. ఎవరూ చాచమనలేదు, చాచొద్దని కూడా అనలేదు.

ఆ రోజు కూడా బయల్దేరింది. మధ్యలో బూదమ్మ అడ్డం నిలబడింది. బూదమ్మ అంటే కాపరి సామాను మోసే ఆడగాడిద. ఇద్దరిదీ ఒకటే ఈడు, ఒకే దిబ్బ మీద పుట్టారు. కత్తిరింపు రోజూ, మర్నాడూ మంద మకాం కదలదు గనక బూదమ్మకు బరువుండదు. ఏటా ఆ రెండు రోజులూ వాగు అవతల ఇసుక తిప్పకు పోయి, ఒళ్లారా దొర్లి వచ్చేది.

"బొల్లీ, నాతో రా" అంది బూదమ్మ.

ఆ పేరు విని గంటమ్మ పక్కకి చూసింది, ఇంకెవరినో పిలిచిందేమో అని. తననేనని తెలిశాక దడికర్ర మీది గంట వైపు చూసింది. "ఎట్లా కుదురుతుందే? పిందె ఉంది, భీమరాజు ఉన్నాడు. రెండు పిల్లలు పోయాయి, తెలుసు కదా" అంది.

"నువ్వు ఉండగానే పోయాయి కదే" అంది బూదమ్మ. మనసులో ఏదో పెట్టుకుని అన్నది కాదు. గాడిద మాట, అలాగే ఉంటుంది. కానీ బొల్లికి అది ముల్లులా దిగింది.

దడి బయట దాసయ్య అంతా విన్నాడు. ఎప్పుడూ లేనిది, కంగారుగా దగ్గరకొచ్చాడు. ఇన్నేళ్లు కాపాడిన దానివి ఇప్పుడు వదిలి పోతావా, నీ మెడలో గంట లేకపోతే ఈ పసిపిల్లల గతేంకాను, రేపు జరగరానిది జరిగితే నీళ్లు గొంతు దిగుతాయా అని వల్లించాడు. భీమరాజు తన కొమ్ముల దురద సంగతి తేల్చమన్నాడు. బొల్లి ఒక అడుగు గంట వైపు వేసింది, ఒక అడుగు బూదమ్మ వైపు వేసింది. అంతలో నీలి ఏదో మేస్తూ దడికర్ర పక్కకు వచ్చింది. కాపరి చూడను కూడా చూడకుండా గంట తీసి దాని మెడకు కట్టేశాడు. గంట మోగింది. మందంతా యథాప్రకారం నీలి వెనక కదిలింది. ఉన్ని పోయాక గొర్రెలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, ముందున్నది తల్లో కూతురో ఎవరూ చూసుకోలేదు.

బొల్లి అక్కడే నిలబడిపోయింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఇంకేం, నడు" అని బూదమ్మ మూతితో వీపు మీద నెట్టింది.

ఇసుక తిప్ప మీద మొదటి రోజు ఎలా గడిచిందో అడగొద్దు. మెడలో గంట లేదు, చెవుల్లో మాత్రం మోగుతూనే ఉంది. మేద్దామని తల వంచితే గణగణ, పడుకుంటే గణగణ. పిందె వెనకబడి ఉంటుందని నాలుగుసార్లు లేచి నిలబడింది. నాలుగోసారి బూదమ్మ ఇసుకలో వెల్లకిలా పడుకునే చెప్పింది, పోతే పొమ్మని, పోయేముందు కాసిని నీళ్లు తాగి పొమ్మని.

బొల్లి నీళ్లకు వంగింది. ఇన్నేళ్లలో ఎప్పుడు వంగినా ముందు గంట నీళ్లలో మునిగి మడుగంతా చెదిరిపోయేది. ఈసారి నీళ్లు కదల్లేదు. అందులో తెల్లమచ్చతో ఒక ముఖం కనబడింది. కళ్ల కింద జారిపోయింది, ముక్కు పక్కన వెంట్రుక నెరిసింది. అమ్మ ముఖం అనుకుంది ముందు. తర్వాత తనదేనని తెలిసి, తాగడం మర్చిపోయి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. తిరిగి వెళ్లడానికి లేచినదల్లా అక్కడే పడుకుంది. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు.

రెండో రోజు పొద్దెక్కాక మెలకువ వచ్చింది. చెవుల్లో మోత ఆగిపోయింది. ఆగిన చోట ఏవేవో చప్పుళ్లు వచ్చి చేరుతున్నాయి. తడి ఇసుకలో ఎండ్రకాయ బొరియ తవ్వుకుంటున్న చప్పుడు, తుంగలో ఏదో పురుగు గీరుతున్న చప్పుడు, బూదమ్మ తోక ఈగల్ని కొడుతున్న చప్పుడు. ఇవన్నీ ఎప్పుడూ ఉండేవా అని అడిగింది. నీ గంట విననిస్తేగా అంది బూదమ్మ. బొల్లి ఆ రోజు కడుపునిండా మేసింది. మధ్యమధ్య గుబులు పుట్టింది, పుట్టలేదని చెప్తే అబద్ధం. కానీ పుట్టిన గుబులు కాసేపుండి పోయింది.

మధ్యాహ్నం తిరిగాక దూరాన గంట వినబడింది. మంద నీళ్లకు దిగుతోంది. బొల్లి లేచి చెవులు రిక్కించింది. నీలి అడుగులు తెలుస్తున్నాయి. పిందె వంకరకాలు ఈడ్పు కూడా చివరన తెలుస్తోంది. ఆ ఈడ్పు వెనక ఇంకేదో ఉంది. ఎండుటాకుల మీద మెత్తటి అడుగు. గంట మోగితే ఆ అడుగు పడుతోంది. నీలి మేయడానికి ఆగితే గంట ఆగుతోంది, ఆ అడుగూ ఆగుతోంది. మళ్లీ గంట, మళ్లీ అడుగు.

బొల్లికి అప్పుడర్థమైంది. తను పది అడుగులకోసారి వెనక్కి తిరిగేది పిల్లల కోసమే. తిరిగినప్పుడల్లా, అంతకుముందు ఊరికే నడిచినప్పుడల్లా మోగింది గంట. ఆ మోత చాటునే పొదల వెంట ఒక్కో అడుగు వేస్తూ వాడు దగ్గరయ్యాడు. రెండు పిల్లలు తప్పిపోలేదు. తన గంట కిందే పోయాయి. అప్పుడు ఏడవడానికి కూడా టైము లేదు.

అరిస్తే పారిపోతాడు, రేపు మళ్లీ వస్తాడు. బొల్లి బూదమ్మ చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఇద్దరూ మోకాటి లోతు నీళ్లు దాటి ఇవతలి గట్టు ఎక్కారు. బూదమ్మ దారి పక్క తంగేడు పొద చాటున, వీపు దారి వైపు పెట్టి నిలబడింది. గాడిదకు బలం వెనకాల కదా. బొల్లి తల వంచుకుని పిందె వెనక వరుసలో కలిసిపోయింది. మెడలో గంట లేదు, ఒంటి మీద ఉన్ని లేదు. వెనక వస్తున్న వాడి కళ్లకు ఇంకో బోడి గొర్రె, అంతే. గంటమ్మ ఎక్కడుంటుంది? వాడి లెక్కలో వాగు అవతల.

గంట మోగింది. అడుగు పడింది. గంట మోగింది. ఇంకాస్త దగ్గరగా అడుగు పడింది. బొల్లి వెనక్కి తిరగలేదు. పరుగెత్తకుండా నడవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. తంగేడు పొద దాటగానే గొంతెత్తి ఒక్క మాట అంది.

"నీలీ, ఆగు."

కూతురు ఆగింది. గంట ఆగింది. మందంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలో దాసయ్య ఒక కాలు గాల్లో ఉండగా దారి మధ్యన దొరికిపోయాడు. దించితే చప్పుడవుతుంది, దించకపోతే నిలబడలేడు. బొల్లికి రెండడుగుల వెనక ఉన్నాడు.

బొల్లి మెల్లగా వెనక్కి తిరిగింది. "రేగుపళ్లు అటువైపు ఉన్నాయి దాసయ్యా."

"అక్కా, నువ్వా" అన్నాడు వాడు. "నువ్వు లేవు కదా, పిల్లలకు తోడుగా ఉందామని..."

మిగతా మాట బూదమ్మ పూర్తి చేసింది, రెండు వెనక కాళ్లతో. దాసయ్య గాల్లో లేచి మడుగు పక్క బురదలో తలకిందులుగా దిగాడు. అప్పటికి భీమరాజు చిగురు నములుతూ తాపీగా వచ్చాడు. ఎదురుగా ఏదో తోక కనబడేసరికి, అదేమిటో కూడా అడక్కుండా ఇంకో పోటు పొడిచాడు. తన జన్మలో మందకు పనికొచ్చిన పని అదొక్కటే, ఇప్పటికీ దాని గురించే చెప్పుకుంటాడు. దాసయ్య కుంటుకుంటూ వాగు దాటి పోయాడు. ఆ తర్వాత నిజంగానే రేగుపళ్ల మీద బతికాడని విన్నాను. ముందు పళ్లు నాలుగు ఊడాయి మరి.

పిందె వచ్చి అమ్మమ్మ మెడ కింద తల దూర్చింది. గంట తగిలేచోట ఏమీ తగలక, వింతగా చూసింది. బొల్లి అప్పుడు ఏడ్చింది. ఈ పిల్ల దక్కినందుకు కొంత, దక్కని ఆ ఇద్దరికీ మిగతా.

ఇప్పుడా గంట ఒక్క మెడలో ఉండదు. నెలకోసారి ఒకరు కాపరి దగ్గర తల దించి విప్పించుకుంటే, ఇంకొకరు మెడ చాచి కట్టించుకుంటారు. అందులో బొల్లి వంతు కూడా ఉంది. వంతు అయిపోగానే రెండు రోజులు ఇసుక తిప్పకు పోతుంది. పోయేటప్పుడు గుండెలో గుబులు ఉండనే ఉంటుంది. దాన్ని కూడా వెంటబెట్టుకునే పోతుంది. వచ్చాక మాత్రం అందరికంటే వెనక నడుస్తూ, ఆకు కదిలినా చెప్పేస్తుంది.

నువ్వు కదిలితే అంతా కూలిపోతుందని పదేపదే చెప్పేవాడు, నీ అలసట మీద ఏం మేస్తున్నాడో ఒకసారి చెవి పెట్టి వినాలి.